కడప నుంచి సూర్యలంకకు కారులో: ఈ వానల్లో పోవచ్చా?

కోస్తా దారులు తెలిసిన అన్నలూ, అక్కలూ, కాస్త చెప్పండి. నలుగురం స్నేహితులం, కడపోళ్లం. నవంబరు చివర్లో బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరి, మైపాడు బీచ్ చూసుకొని, ఒంగోలు దగ్గర 216 హైవే ఎక్కి చీరాల, సూర్యలంక దాకా పోదామనుకున్నాం. ఇంతలో బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర 16వ నంబరు హైవే కోసుకుపోయింది కదా, మా అమ్మ అదే పట్టుకొని కూర్చుంది. మావాడొకడేమో వానలోనే సముద్రం చూడాలంటాడు, వానికి ఈత కూడా రాదు!

నెల్లూరు, ఒంగోలు మధ్య నీళ్లు నిలిచే చోట్లు ఏవి? హైవే ఆపేస్తే మళ్లీ బద్వేలు వైపే తిరుక్కోవాలా, లోపల ఇంకో దారి ఉందా? తుపాను హెచ్చరిక వస్తే సూర్యలంకలో రూము డబ్బులు వెనక్కిస్తారా? అడ్వాన్సు రేపే కట్టాల.