విండోస్ 11లో స్టార్ట్ నొక్కితే మెనూ రావట్లేదు, కుడి క్లిక్ మాత్రం పనిచేస్తోంది

ప్రశ్న:
నిన్నటి నుంచి డెస్క్‌టాప్‌లో స్టార్ట్ మీద క్లిక్ చేస్తే ఏమీ కదలట్లేదు. విండోస్ కీ నొక్కినా అంతే. గడియారం నడుస్తోంది, టాస్క్‌బార్‌లో పిన్ చేసినవన్నీ తెరుచుకుంటున్నాయి. స్టార్ట్ మీద కుడి క్లిక్ చేస్తే పొడవాటి జాబితా వస్తోంది. రెండుసార్లు షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా మార్పు లేదు. డీటీపీ ఫైళ్లు, తెలుగు ఫాంట్లు బోలెడున్నాయి. ఫార్మాట్ దాకా పోకుండా దారి చెప్పండి.

జవాబు 1:
కుడి క్లిక్ జాబితా వస్తోందంటే సగం విషయం తేలిపోయినట్టేనండి. ఆ జాబితాను చూపించేది ఎక్స్‌ప్లోరర్, అంటే టాస్క్‌బార్‌ని, ఫోల్డర్లని నడిపే ప్రోగ్రామ్. ఎడమ క్లిక్‌కి వచ్చే మెనూ మాత్రం స్టార్ట్‌మెనూఎక్స్‌పీరియన్స్‌హోస్ట్ అనే వేరే ప్రాసెస్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్). మీ దగ్గర ఆగిపోయింది అదే. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే రన్ పెట్టె వస్తోందా? వస్తే కీబోర్డు మీద అనుమానం కూడా అక్కర్లేదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. డీటెయిల్స్‌లో ఆ ప్రాసెస్ వెతికి ఎండ్ టాస్క్ కొట్టండి, దానంతటదే మళ్లీ మొదలవుతుంది. ఫలితం లేకపోతే ప్రాసెసెస్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద కుడి క్లిక్ చేసి రీస్టార్ట్ ఇవ్వండి.

ఇంకోటి, ఫాస్ట్ స్టార్టప్ ఉన్న సిస్టమ్‌లో షట్‌డౌన్ చేస్తే కెర్నెల్ (విండోస్ గుండెకాయ లాంటి భాగం), డ్రైవర్లు ఉన్న స్థితిలోనే డిస్క్‌లో దాచబడి, ఆన్ చేయగానే అలాగే తిరిగొస్తాయి. పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్టే చేయాలి.

జవాబు 2:
నెట్‌లో ఎక్కడ చూసినా కనిపించే ఆ పవర్‌షెల్ (ఆదేశాలు టైప్ చేసే విండోస్ పరికరం) ఆదేశం, అన్ని యాప్‌లనూ ఒకేసారి మళ్లీ రిజిస్టర్ చేసేది, దయచేసి ఇప్పుడే కొట్టకండి. వాడుకలో ఉన్న ప్యాకేజీలన్నిటికీ ఎర్ర అక్షరాల్లో ఎర్రర్లు కురుస్తాయి, వాటిలో అసలు తప్పేదో పోల్చుకోలేరు.

ముందు కొత్త యూజర్‌ని పెట్టి చూడండి. టాస్క్ మేనేజర్‌లో రన్ న్యూ టాస్క్ నొక్కి, అడ్మినిస్ట్రేటివ్ ప్రివిలెజెస్ అన్న పెట్టెలో టిక్ పెట్టి, సీఎండీ (ఆదేశాలు టైప్ చేసే నల్ల విండో) అని తెరవండి. అందులో: నెట్ యూజర్ టెస్ట్ /యాడ్. సైన్ అవుట్ చేసి ఆ టెస్ట్ ఖాతాలోకి వెళ్లండి. అక్కడా మెనూ రాకపోతే లోపం సిస్టమ్ ఫైళ్లలో ఉండొచ్చు. వస్తే మీ ప్రొఫైల్‌లోనే (మీ ఖాతా సొంత సెట్టింగుల్లోనే) ఉంది, సిస్టమ్ జోలికి పోనక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
రన్ పెట్టె వస్తోంది. ఎండ్ టాస్క్, రీస్టార్ట్ రెండూ చేశాను, లాభం లేదు. టెస్ట్ ఖాతాలో మాత్రం మెనూ చక్కగా వస్తోంది!

జవాబు 2:
అయితే ప్రొఫైలే. మీ ఖాతాలోకి వచ్చి రన్‌లో %లోకల్‌యాప్‌డేటా% కొట్టండి. ప్యాకేజెస్ ఫోల్డర్‌లో పేరు మైక్రోసాఫ్ట్.విండోస్.స్టార్ట్‌మెనూఎక్స్‌పీరియన్స్‌హోస్ట్‌తో మొదలయ్యే ఫోల్డర్, దాని లోపల లోకల్‌స్టేట్. అందులో ఉండే స్టార్ట్2.బిన్ ఫైల్లోనే మీ పిన్‌ల అమరిక ఉంటుంది. అది పాడైతే మెనూ తెరుచుకోకపోవచ్చు. తీసేయకండి, చివర పాత అని చేర్చి పేరు మార్చండి. వెంటనే ఆ ప్రాసెస్‌కి ఎండ్ టాస్క్ ఇవ్వండి. కొత్త ఫైలు తయారవుతుంది. పిన్‌లు మొదటికొస్తాయి, అంతకుమించి ఏమీ పోదు.

జవాబు 3:
దానికీ లొంగకపోతే కొత్త ఖాతాకి మారడమే మేలు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ కాపీ చేసుకోండి. యాప్‌డేటా (ప్రోగ్రాముల సెట్టింగులు దాచుకునే ఫోల్డర్) మొత్తం మోసుకెళ్తే పాడైనదీ వెంట వస్తుంది.

డీటీపీ వాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. విండోస్ 10లో 1809 అనే వెర్షన్ నుంచి, ఫాంట్ మీద మామూలుగా ఇన్‌స్టాల్ నొక్కితే అది ఆ ఒక్క యూజర్‌కే పడుతుంది. కొత్త ఖాతాలో పేజీ తెరిస్తే తెలుగంతా చిందరవందరగా కనిపిస్తుంది, ఫైలే పాడైందనుకుంటారు. పాత ఖాతాలోని యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ వరుసలో వెళ్లి ఆ ఫాంట్లను పట్టుకోండి. అన్నీ ఎంచుకుని, కుడి క్లిక్ చేసి, ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ ఇవ్వండి.

టెస్ట్ ఖాతాలోనూ మెనూ రానివాళ్లకి, పైన చెప్పినట్టే అడ్మిన్ టిక్‌తో తెరిచిన సీఎండీలో: ముందు డిజమ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్, తర్వాత సిస్టమ్ ఫైళ్లను సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ /స్కాన్‌నౌ. క్రమం మార్చకండి, ఎస్‌ఎఫ్‌సీ మంచి ఫైళ్లు తెచ్చుకునే గోదామును బాగుచేసేది డిజమ్. మధ్యలో 62.3 శాతం దగ్గర చాలాసేపు ఆగినట్టుంటుంది, విండో మూసేయకండి. నెట్ కనెక్షన్ ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
స్టార్ట్2.బిన్ పేరు మార్చగానే మెనూ వచ్చేసింది. పిన్‌లు మళ్లీ పెట్టుకుంటున్నాను. ఫాంట్లు కూడా అందరు యూజర్లకీ వేసేస్తున్నా. ధన్యవాదాలండీ.

జవాబు 2:
సంతోషం. టెస్ట్ ఖాతా తీసేయాలంటే మళ్లీ అలాగే అడ్మిన్ టిక్‌తో సీఎండీ తెరిచి, అందులో: నెట్ యూజర్ టెస్ట్ /డిలీట్.