మారుతి 800: కీ తిరగదు, తిరిగినా వదిలితే ఇంజన్ ఆగిపోతుంది. లాక్ సెట్టు మార్చాలా?

గడియారస్తంభం (అనంతపురం):
అన్నలూ, 1998 మారుతి 800, కార్బురేటర్ బండి. పొద్దున ఇంటి కాడ కీ బాగానే తిరుగుతుంది. మధ్యాహ్నం ఆఫీసు కాడ మొండికేస్తుంది, ఐదు నిమిషాలు కుస్తీ పడాల. ఎండకేమో అనుకుంటున్నా. అక్కడ నేల వాలు, ముందు చక్రం గట్టుకు ఆనించి వేపచెట్టు కింద పెడతా. ఇంకో బాధ, స్టార్ట్ అయ్యాక కీ వదిలితే ఒక్కోసారి ఇంజన్ ఆగిపోతుంది, మీటర్ బోర్డు లైట్లు కూడా ఆరిపోతాయి. కీని వేలితో ముందుకు నెట్టి పట్టుకుంటే నడుస్తుంది. డోరు, డిక్కీ తాళాలతో సహా సెట్టు మొత్తం మార్చాలంటున్నాడు మెకానిక్. అవసరమా? వాడేది డూప్లికేట్‌కి తీసిన డూప్లికేట్. అసలు కీ బీరువాలో ఉంది.

సీమస్పానర్ (కర్నూలు):
ముందు బీరువా తెరువు.

లాక్ అని మనం అనే దాంట్లో మూడు పనులున్నాయి: కీ దూరే బ్యారెల్, స్టీరింగ్‌ను పట్టే ఇనప నాలుక, వెనక కరెంటు స్విచ్. నీవి రెండు వేరే వేరే జబ్బులు.

మధ్యాహ్నం తిరగకపోవడానికి కారణం ఎండ కాదు, గట్టు. చక్రం గట్టుకు ఆని ఉంటే స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంటుంది, ఆ నాలుక గాడిలో బిగుసుకుంటుంది. ఎడమ చేత్తో స్టీరింగ్‌ను ఒత్తిడికి ఎదురుగా కొంచెం తిప్పి పట్టుకుని, అప్పుడు కీ తిప్పు. సులువుగా తిరిగిందా, బ్యారెల్‌కు పెద్ద రోగం లేనట్టే. కటింగ్ ప్లేయర్‌తో మాత్రం కీ తిప్పొద్దు. విరిగిన ముక్క లోపల ఉండిపోతే పని మూడింతలు.

ఇక కీ సంగతి. బ్యారెల్ లోపల ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి, ఒక్కోదానికీ ఒక్కో ఎత్తు. కీ అరిగితే రేకు పూర్తిగా లోపలికి రాదు, అంచు బయట తట్టుకుంటుంది. డూప్లికేట్‌కు డూప్లికేట్ తీసినప్పుడల్లా పాత అరుగుదల కూడా కొత్త కీలోకి దిగుతుంది. అసలు కీతో నాలుగు రోజులు నడిపి చూడు, బాగుంటే కొత్త కీ దాన్ని చూసే కోయించు. తాళాల షాపుకు పోయేటప్పుడు ఆర్సీ వెంట ఉంచుకో.

గండికోట800 (కడప):
మన పక్క దుమ్ము సంగతి తెలిసిందే కదబ్బా, శుభ్రం చేయకుండా ఏదీ తేల్చొద్దు. బ్యాటరీ నెగెటివ్ తీసెయ్. తాళంలో కొట్టే కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు పాయింట్లు శుభ్రం చేసే స్ప్రే) కారి స్విచ్ మీద పడుతుంది, కరెంటు ఉంటే రవ్వ లేస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ సన్న గొట్టం పెట్టి రెండే రెండు సార్లు కొట్టు. కీ పదిహేను, ఇరవై సార్లు దూర్చి తీసి, తీసిన ప్రతిసారీ గుడ్డతో తుడువు. మొదట నల్లగా జిడ్డు వస్తుంది. అది ఆగిందాకా చేసి, ఓ గంట ఆరనియ్యి.

ఆరినాక గ్రాఫైట్ పొడి చిటికెడంటే చిటికెడే. గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది, ఎక్కువ ఊదితే వెనక స్విచ్‌లో చేరుతుంది. దొరక్కపోతే 6బీ పెన్సిల్‌తో కీ రెండు పక్కలా రుద్ది దూర్చు, చాలు. పిల్లల హెచ్‌బీలో మట్టి పాలు ఎక్కువ. కొబ్బరి నూనె, ఇంజన్ ఆయిల్ పోస్తే ఆ పొద్దు జారుతుంది, నెలకు దుమ్ము కలిసి రుబ్బిన ముద్దవుతుంది.

సీమస్పానర్:
రెండో జబ్బు స్విచ్‌ది. మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టు. కీ ఆన్, వైపర్, ఫ్యాన్ వేసి బ్యాటరీ మీద ఎంత, ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గులకు రవ్వ పుట్టించేది) ప్లస్ మీద ఎంత చూడు. అర వోల్టు కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. కీ కదిలిస్తూ మళ్లీ చూడు. బాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు పోయే కరెంటు తగ్గించేది) ఉన్న బండ్లలో అది తెగినా వదలగానే ఇంజన్ ఆగుతుంది. కానీ నీకు బోర్డు లైట్లు కూడా పోతున్నాయి కాబట్టి అది కాదు.

గడియారస్తంభం:
అసలు కీతో, స్టీరింగ్ పట్టుకుని తిప్పితే గట్టు కాడ కూడా తిరిగింది. బ్యాటరీ 12.3. కాయిల్ 9.9, కీ ముందుకు నెడితే 12.0.

సీమస్పానర్:
తేలిపోయింది. స్విచ్ లోపల ఆన్‌లో కలిసే పాయింట్ కాలింది. ముందు కప్లర్ (స్విచ్ వైర్లు కలిసే ప్లాస్టిక్ జోడు) ఊడదీసి చూడు, పిన్ను దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి ఉంటే ఆ పిన్నే వదులై వేడెక్కింది, దాన్ని కూడా మార్చాలి. మీటర్‌ను బజర్‌లో పెట్టి, కూత వచ్చిందని స్విచ్ బాగుందనుకోవద్దు. మీటర్ పంపేది చిన్న కరెంటు, కాలిన పాయింట్ కూడా కూత వేస్తుంది. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు స్విచ్ గుండా వెలిగిస్తే దాదాపు ఐదు ఆంపియర్లు లాగుతుంది, అప్పుడు బయటపడుతుంది. వైరు రంగులు నమ్మొద్దు, ఇన్నేళ్లలో ఎంతమంది అతుకులేశారో. ఆన్‌లో బ్యాటరీ వైరుకు ఏసీసీ (రేడియో లాంటి వాటి వైరు), ఇగ్నిషన్ రెండూ కలవాలి. స్టార్ట్‌లో ఇగ్నిషన్, స్టార్టర్ కలవాలి.

స్విచ్ స్క్రూలతో విడిగా వస్తే అదొక్కటే మార్చు. రాకపోతే లాక్ మొత్తం దించాలి. బోల్టులకు తలలుండవు, బిగించేటప్పుడే తెగిపోయేలా చేస్తారు. హ్యాక్‌సా ముక్కతో రెండు మిల్లీమీటర్ల గాడి కోసి స్క్రూడ్రైవర్‌తో తిప్పు. రాకపోతే అంచున పంచ్ పెట్టి ఎడమవైపు తిరిగేలా చిన్నగా తట్టు. స్టీరింగ్ కాలమ్ మీద సుత్తి దెబ్బ పడకూడదు. కొత్త బోల్టులు ముందు చేత్తోనే బిగించి, నాలుక గాడిలో సాఫీగా పడి లేస్తోందో పదిసార్లు చూసి, ఆ తర్వాతే తల తెంపు. తెంపాక తప్పు కనిపిస్తే మళ్లీ హ్యాక్‌సా పట్టాలి.

గండికోట800:
పనిలో పనిగా స్టార్టర్‌కు 12 వోల్టుల నాలుగు పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టించు. పిన్నుల నంబర్లు చూసి, కీ స్విచ్ నుంచి వచ్చే స్టార్టర్ వైరు 86కు, 85 బాడీకి, బ్యాటరీ నుంచి 30 ఆంపియర్ ఫ్యూజు గుండా 30కి, 87 నుంచి స్టార్టర్ మీదుండే సోలినాయిడ్‌కు. కొత్త పాయింట్ల మీద బరువు తగ్గుతుంది.

పుష్ బటన్ పెట్టి కీని పక్కన పడేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. కీ బయట ఉండగా ఆ నాలుక పడిందంటే స్టీరింగ్ ఉన్నచోటే బిగుస్తుంది. కీ ఆన్‌లో ఉండగానే బయటికి వచ్చేస్తోందేమో ఇంటి ముందు నిలబెట్టి ఒకసారి లాగి చూడు. వచ్చిందంటే స్విచ్ సంగతి తర్వాత, బ్యారెల్ మార్చిందాకా బండి బయటికి తీయొద్దు.