ర్యాక్ పినియన్ మోటార్ మౌంట్: స్ప్రింగా, ఫిక్స్‌డా? (జర్మనీలోని స్టుట్‌గార్ట్ వచ్చి రెండు నెలలు)

తిరుచానూరు కుర్రాడు:
అందరికీ నమస్కారం. తిరుపతిలో మా మామకి తలుపులు చెక్కే షాపు ఉంది. ఎనిమిది బై నాలుగు అడుగుల సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే చెక్కుడు మెషీన్) ఒకటి కొన్నాడు. పూజగది తలుపు మీద చక్రం చెక్కితే గుండ్రంగా రావడం లేదు, నాలుగు చోట్ల చిన్న మెట్టు పడుతోంది. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను. ర్యాక్ (మెషీన్ పొడవునా ఉండే పళ్ళ పట్టీ) పళ్ళు పైకి ఉన్నాయి, వాటి నిండా గ్రీజు, టేకు పొట్టు కలిసి నల్లటి ముద్ద. గోటితో గీకితే మైనంలా వచ్చింది. ఇక్కడ ముందు ఒకటిన్నర మీటరుది సొంతంగా కట్టి నేర్చుకోవాలని ఉంది. మాడ్యూల్ 1 (పళ్ళ సైజు) ర్యాక్, దాని మీద దొర్లే 20 పళ్ళ చిన్న గేర్, అంటే పినియన్, దాన్ని తిప్పే నెమా 23 సైజు మోటార్లు. మోటార్‌ను గట్టిగా బిగించెయ్యాలా, పివట్ (కీలు) మీద పెట్టి స్ప్రింగ్‌తో నొక్కాలా?

పీలేరు అన్న:
తమ్ముడూ, ముందు ఒక్క మాట చెప్పు. ఎక్కడ కడతావు? అద్దె ఇంటి కెల్లర్‌లో (నేల కింది గదిలో) అయితే వద్దు. నేను 2017లో అదే పని చేశాను. చిన్న రౌటర్, రోజూ సాయంత్రం గంటసేపు. పై అంతస్తు ముసలావిడ మంచిదే, నవ్వుతూ పలకరించేది. ఒకరోజు ఓనర్ నుంచి రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది, లోపల నాలుగు ఫోటోలు: మెట్ల మీద పొట్టు, నీళ్ళ జాలీలో పొట్టు, నా తాళం, నా ప్లగ్. ఆ ప్లగ్గే కొంప ముంచింది. కెల్లర్ సాకెట్ నా మీటర్‌ది కాదు, బిల్డింగ్ మొత్తానికి ఉన్న కామన్ మీటర్‌ది. ఆ సంవత్సరం పెరిగిన కరెంటంతా నా నెత్తిన వేశాడు. ఏసీ లేని బిల్డింగ్‌లో మెట్ల లైట్లు తప్ప ఏముంటుంది అని వాదించాను, వినలేదు. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోసుకున్నాడు. మిగతాది రావడానికి ఏడు నెలలు పట్టింది. డిపాజిట్ మూడు నెలల అద్దెకి మించి అడగకూడదని చట్టం ఉంది కానీ, ఇచ్చినది వెనక్కి రాబట్టడం వేరే కథ. అందుకని ముందు ఆ సాకెట్ ఏ మీటర్‌దో కనుక్కో. రాత్రి 10 తర్వాత, ఆదివారాలు అసలు ముట్టుకోకు.

పుత్తూరు:
అన్న కెల్లర్ కథ ఇది నాలుగోసారి. తమ్ముడూ, ర్యాక్ ఎందుకసలు, బెల్ట్ వేసుకో. మురికీ ఉండదు, శబ్దమూ ఉండదు. చైనా నుంచి తెప్పించుకో, 22 యూరోల లోపు అయితే ట్యాక్స్ కూడా లేదు.

పీలేరు అన్న:
ఆ 22 యూరోల మినహాయింపు 2021 జులైలోనే పోయింది. ఇప్పుడు ఎంత చిన్న పార్శిల్‌కైనా వ్యాట్ కట్టాల్సిందే. ఇలాంటివి చెప్పి పిల్లల్ని కస్టమ్స్ ఆఫీసు చుట్టూ తిప్పుతున్నారు.

పుత్తూరు:
నేను కట్టలేదు.

పీలేరు అన్న:
నీకు అమ్మేవాడు ధరలో ముందే కలుపుకుని ఉంటాడు. బిల్లు చూసుకో.

తిరుచానూరు కుర్రాడు:
థ్యాంక్స్ అన్నా, మీటర్ సంగతి అడుగుతాను. మరి స్ప్రింగా, ఫిక్స్‌డా?

కుప్పం అక్క:
ఇంతసేపటికి ప్రశ్న చదివినవాళ్ళు లేరు. స్ప్రింగే పెట్టు, ఎందుకంటే నువ్వు ర్యాక్ బిగించేది మామూలు ఇనుప ట్యూబ్ మీద. అది ఎక్కడా సమంగా ఉండదు. ఫిక్స్‌డ్ పెడితే ఒక చోట బిగుసుకుంటుంది, ఇంకోచోట ప్లే (వదులు) వస్తుంది. మీ మామ చక్రంలో మెట్లు ఆ ప్లే వల్లే అయ్యుంటాయి. యాక్సిస్ (కదిలే దిక్కు) వెనక్కి తిరిగే నాలుగు చోట్లే కదా పడుతున్నాయి. మిల్లింగ్ చేసి సమం చేసిన ఫ్రేమ్ ఉంటేనే ఫిక్స్‌డ్. అప్పుడు పళ్ళ మధ్య ఎ4 కాగితం ముక్క, అంటే 0.1 మిల్లీమీటర్, పెట్టి బిగించి, తర్వాత లాగేస్తారు.

స్ప్రింగ్ ఎంత గట్టిగా అనేది లెక్క వెయ్యి, చేత్తో నొక్కి చూసి సరిపోయింది అనుకోకు. పళ్ళ కోణం 20 డిగ్రీలు. ముందుకు తోసే బలం 20 కిలోలైతే పినియన్‌ని ర్యాక్ నుంచి విడదీసే బలం అందులో 0.364 వంతు, అంటే 7 కిలోల పైచిలుకు. పినియన్ దగ్గర కనీసం 12 కిలోల ఒత్తిడి ఉండేలా చూడు. స్ప్రింగ్ పివట్‌కి పినియన్ కన్నా రెండింతల దూరంలో ఉంటే 6 కిలోలు లాగేది చాలు.

చాలామంది తప్పు చేసేది పివట్ ఎత్తు దగ్గర. పిచ్ లైన్, అంటే పినియన్ పళ్ళూ ర్యాక్ పళ్ళూ కలిసే గీత, ఆ ఎత్తులోనే పివట్ ఉండాలి. మాడ్యూల్ 1కి పళ్ళ కొస నుంచి 1 మిల్లీమీటర్ లోపలికి అది. పివట్ ఆ గీత నుంచి జరిగిందంటే ఒకవైపు వెళ్ళేటప్పుడు పినియన్ ర్యాక్‌లోకి దిగబడుతుంది, ఇంకోవైపు వెళ్ళేటప్పుడు పైకి లేస్తుంది. ఇంత చేసి పివట్ బోల్ట్‌కే ఆట ఉంటే స్ప్రింగ్ పెట్టినా దండగే, బేరింగ్ వేసుకో.

ఇంకోటి. 20 పళ్ళ పినియన్ ఒక చుట్టుకి 62.83 మిల్లీమీటర్లు పోతుంది. మోటార్ ఒక చుట్టుకి వేసే 1600 స్టెప్పులకి పంచితే స్టెప్పుకి 0.039. చెక్కుడు పనికి అది ముతక. మూడుకి ఒకటి బెల్ట్ రిడక్షన్ పెట్టు, అంటే మోటార్ మూడు చుట్లకి పినియన్ ఒక చుట్టు, 0.013కి దిగుతుంది. అప్పుడు పినియన్ సొంత షాఫ్ట్ మీద, రెండు బేరింగుల మధ్య కూర్చుంటుంది. ఆ పక్క బరువు మోటార్ బేరింగుల మీద పడదు.

పుత్తూరు:
చివరికి బెల్టే కదా అక్కా!

కుప్పం అక్క:
నువ్వు చెప్పింది గ్యాంట్రీని, అంటే కటర్‌ని మోసే అడ్డదూలాన్ని, లాగే బెల్ట్. నేను చెప్పేది అరచేయి అంత బెల్ట్. వేరే.

తమ్ముడూ, ర్యాక్ పళ్ళు కిందికో పక్కకో తిప్పు, పొట్టు నిలవదు. రెండు ముక్కలు కలిపే చోట మూడో ముక్కని బోర్లించి పళ్ళలో కూర్చోబెట్టి, క్లాంప్ వేసి, తర్వాతే బోల్టులు బిగించు. పైకీ కిందికీ తిరిగే జెడ్ యాక్సిస్‌కి మాత్రం ర్యాక్ వద్దు, బాల్ స్క్రూ (మర కడ్డీ) పెట్టు. ర్యాక్ అయితే కరెంటు పోగానే స్పిండిల్ (కటర్ తిప్పే మోటార్) చెక్క మీద పడుతుంది. తిరుపతిలో కరెంటు సంగతి నీకు తెలిసిందేగా.

కాళహస్తి:
మా వైపు మాధవమాలలో ఈ స్ప్రింగులేవీ లేకుండా ఉలితోనే దేవుళ్ళని చెక్కుతున్నారు. చక్రం గుండ్రంగానే వస్తుంది.

కుప్పం అక్క:
నిజమే. అక్కడ స్ప్రింగ్ మోచేతిలో ఉంటుంది.

తిరుచానూరు కుర్రాడు:
అక్కా, లెక్క రాసుకున్నాను. మామ మెషీన్‌కి కూడా ఈసారి వెళ్ళినప్పుడు పివట్ ప్లేట్ వేసేస్తాను. నా గ్యాంట్రీ పక్క ప్లేట్ బొమ్మ ఇప్పుడే పెట్టాను, పివట్ ఎత్తు ఒకసారి చూడండి.

పీలేరు అన్న:
బొమ్మలో వెనకాల కనిపించేది కెల్లర్ గోడేనా?

తిరుచానూరు కుర్రాడు:
లేదన్నా, హాలు. సాకెట్ నా మీటర్‌దే, ఫ్యూజ్ తీసి చూశాను.