అమలాపురం నుంచి సైన్స్ ఫిక్షన్ చిన్న పత్రిక: ఎలా నడపాలి?

ప్రశ్న (కోనసీమ పాఠకుడు):
నమస్తే అండి. డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. మేం నలుగురం సైన్స్ ఫిక్షన్ అంటే పడి చచ్చేవాళ్లం. కథలు, రివ్యూలు కలిపి ఒక పత్రిక తేవాలని ఉంది. డబ్బు కోసం కాదు. పీడీఎఫ్ చేయాలా, జిరాక్స్ తీసి పంచాలా? రెండో సంచికతో ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇదివరకు నడిపినవాళ్లు ఉంటే చెప్పండి.

భీమవరం బాబాయ్:
పీడీఎఫ్ చాలు తమ్ముడూ. ఫోన్లో చదివేవాళ్లే ఎక్కువ, అక్షరాలు పెద్దవి పెట్టండి.

పాత ఎడిటర్, రామచంద్రపురం:
బాబూ, ఎనభైల్లో నేను సైక్లోస్టైల్ మీద, అంటే స్టెన్సిల్‌తో కాపీలు తీసే యంత్రం మీద నడిపాను. స్టెన్సిల్ కాగితం మీద ఇనప మొన కలంతో రాసేవాణ్ని. సున్నా పూర్తిగా చుడితే మధ్య ముక్క ఊడిపోయి అచ్చులో నల్లటి చుక్క పడుతుంది. అందుకని ప్రతి సున్నాకీ వెంట్రుకంత సందు వదలాలి. ముసురు పట్టిందంటే కాగితాలు చెమ్మగిల్లి రెండేసి అంటుకుపోయేవి, బల్బు కింద పరిచి ఆరబెట్టుకునేవాణ్ని. ఆ పనంటే నాకు ప్రాణం. అయినా పత్రికని నిలబెట్టింది అచ్చు కాదు, ఉత్తరాలు.

అసలీ వ్యవహారం పుట్టిందే ఉత్తరాల్లోంచి. అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 1926లో ‘అమేజింగ్ స్టోరీస్’ మొదలుపెట్టాక పాఠకుల ఉత్తరాలు అడ్రసులతో సహా వేసేవాడు. ఆ అడ్రసులు పట్టుకుని వాళ్లలో వాళ్లు రాసుకున్నారు. 1930లో షికాగో అభిమానులు ‘ది కామెట్’ తెచ్చారు. ఫ్యాన్‌జైన్లలో, అంటే అభిమానులు సొంతంగా తెచ్చుకునే చిన్న పత్రికల్లో, మొదటిదిగా దాన్నే చెబుతారు. ఆ తర్వాత ఒక ఆనవాయితీ ఏర్పడింది. ఉత్తరం రాసినవాళ్లకి, కథో బొమ్మో ఇచ్చినవాళ్లకి, తమ పత్రిక బదులు పంపినవాళ్లకి సంచిక ఊరికే పంపుతారు. నేనూ అలాగే పంపాను. చందా కట్టి మాట్లాడకుండా ఉన్నవాళ్ల కంటే కార్డు ముక్క మీద తిట్టినవాళ్లే నాకు కావలసినవాళ్లు.

ఒకసారి అంగారకుడి మీద వరి పండించే కథ వేశాం. రాజోలు వైపు రైతు ఒకాయన ఇన్‌లాండ్ లెటర్ నిండా రాశారు. కాలవ బాగుంది, మరి మురుగు డ్రెయిన్ ఏదండీ, నీరు బయటికి పోయే దారి లేకపోతే ఉప్పు పైకి తేలి చేను చౌడు బారదా అని! ఒక్క అక్షరం తీయకుండా వేశాను. అది చదివి ఆ కథకుడే డ్రెయిన్ తవ్వించే మేస్త్రీని పెట్టి ఇంకో కథ రాశాడు. మా పత్రికలో అన్నిటికంటే మంచి కథ అది. 2008లో నాసా ఫీనిక్స్ ల్యాండర్ అంగారకుడి మట్టిలో పర్‌క్లోరేట్ లవణాలు ఉన్నాయని తేల్చినప్పుడు నాకు ముందు ఆ రైతుగారే గుర్తొచ్చారు.

కోనసీమ పాఠకుడు:
చదువుతుంటే ఒళ్లు జలదరించింది మాస్టారూ. కానీ ఇప్పుడు ఉత్తరాలు ఎవరు రాస్తారండీ? వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంటారు.

పాత ఎడిటర్, రామచంద్రపురం:
అడిగి రాయించుకోవాలి బాబూ. ‘ఎలా ఉంది’ అంటే ‘బాగుంది’ అంటారు, అక్కడితో సరి. నర్సుగారినైతే కథలో ఆపరేషన్ గురించి అడగండి, పడవ నడిపేవాణ్ని వరద గురించి అడగండి. వాయిస్ మెసేజ్ పంపినా, వాళ్లని అడిగి, రాసి, వాళ్ల పేరుతో వేయండి. మీ జవాబు రెండు లైన్లు దాటనివ్వకండి. మొదటి సంచికకి ఉత్తరాలు ఉండవు కదా, ఒక కథ ముందే పదిమందికి పంపి వాళ్లన్నది అందులోనే వేసేయండి. పీడీఎఫ్‌తో పాటు కొన్ని జిరాక్స్ కాపీలు ఊరి లైబ్రరీ బల్ల మీద పెట్టడం మాత్రం మానకండి.

నరసాపురం టీచర్:
1995లో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి 65 రోజులు మండింది. ఆ మంట చూసినవాళ్లు మీ చుట్టుపక్కలే ఉన్నారు. చీకటి పడని ఊళ్లో కోళ్లు ఎప్పుడు కూస్తాయి, పసిపిల్లలు ఎలా నిద్రపోతారు? అక్కణ్ణుంచి ఒక కథ మొదలుపెట్టండి బాబూ. నాకు పంపితే తప్పకుండా ఉత్తరం రాస్తాను.

కోనసీమ పాఠకుడు:
మా మావయ్యది ఆ పక్కనే మామిడికుదురండి టీచర్‌గారూ! ఈ ఆదివారమే వెళ్లి అడుగుతాను. కథ పూర్తవగానే ముందు మీకూ మాస్టారికీ పంపుతాను. మొహమాటపడకుండా తిట్టండి, ఉత్తరాల పేజీ దాంతోనే మొదలుపెడతాం.