మొదటి చేతి గడియారం ఎంచుకోవడానికి ఏమేమి చూడాలి?

కొత్త పంతులమ్మ, హనుమకొండ
అందరికీ నమస్కారం. ఈ ఏడాదే ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరాను. ఇన్నాళ్లూ సమయం ఫోన్‌లోనే చూసుకునేదాన్ని. పరీక్షల విధులకు వెళ్లినప్పుడు ఫోన్ బయట అప్పగించి రావలసి ఉంటుంది కనుక చేతికి గడియారం తప్పనిసరి అయింది. చౌరస్తా దగ్గర దుకాణాల్లో అడిగితే ఒకరు క్వార్ట్జ్ మంచిదన్నారు, మరొకరు ఆటోమేటిక్ అన్నారు, ఇంకొకరు వెనుక మూతపై ముప్పై మీటర్లు అని ఉన్నది చూపించి నీళ్లలో మునిగినా భయం లేదన్నారు. ఐదు వేల రూపాయల లోపు, రోజూ బడికి పెట్టుకోవడానికి, చాలా ఏళ్లు మన్నేది కావాలి. అనుభవమున్నవారు చెప్పగలరని మనవి.

కాజీపేట జంక్షన్
టీచర్ గారూ, మీ అవసరానికి క్వార్ట్జే సరైనది. రైల్వే ఉద్యోగంలో నిమిషం తేడా కూడా లెక్కకు వస్తుంది కాబట్టి నేను ఏళ్లుగా దాన్నే నమ్ముకున్నాను. బ్యాటరీ శక్తితో లోపలి క్వార్ట్జ్ అనే చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను వరుసగా పదిహేను సార్లు సగం చేస్తే ఒకటి వస్తుంది. లోపలి సర్క్యూట్ ఆ పని చేసి సెకనుకు ఒకసారి ముల్లును కదిలిస్తుంది. 1969 డిసెంబరులో సీకో సంస్థ జపాన్‌లో తొలి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు దాని ధరకు ఒక కారు వచ్చేది. ఇవాళ అదే సూత్రంతో నడిచేది వందల రూపాయల్లో దొరుకుతోంది. మామూలు క్వార్ట్జ్ నెలకు పదిహేను ఇరవై సెకన్లు అటూ ఇటూ అవుతుంది. బ్యాటరీ లేకుండా స్ప్రింగుతో నడిచే తక్కువ ధర మెకానికల్‌లో (చేత్తో చావి ఇచ్చేదైనా, చేతి కదలికకే స్ప్రింగు చుట్టుకునే ఆటోమేటిక్ అయినా) ఒక్క రోజుకే అంత తేడా రావచ్చు.

చావి గడియారం, కరీంనగర్
కాజీపేట అన్న చెప్పిన లెక్కలు నిజమే, కానీ చావి ఇచ్చే గడియారాన్ని అంత తేలికగా కొట్టివేయవద్దని నా విన్నపం. హెచ్ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో గడియారాల తయారీ మొదలుపెట్టింది. ఆ సంస్థ జనతా, పైలట్ వంటి మోడళ్లు మన ఊళ్లలో ఎందరో బడిపంతుళ్ల, గుమాస్తాల చేతులకు ఉండేవి, వాటిలో కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. ఉదయాన్నే చావి ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు వినడంలో ఉన్న తృప్తి బ్యాటరీ గడియారంలో నాకు దొరకలేదు. అయితే ఆ సంస్థ గడియారాల విభాగాన్ని మూసివేయడానికి 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది కనుక, ఆన్‌లైన్‌లో మెరిసే రంగుల డయళ్లతో అమ్ముతున్న పాతవాటిలో చాలావరకు డయల్‌కు కొత్త రంగు వేసి, వేర్వేరు గడియారాల భాగాలు కలిపి బిగించినవే ఉంటాయి. తెలిసినవారు విప్పి చూడనిదే కొనకండి.

మండీబజార్ మరమ్మతు
గడియారాలు బాగుచేయడమే నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నా బల్ల మీదికి వచ్చేవాటిలో యంత్రం దానంతట అది చెడిపోయినవి తక్కువ, లోపలికి నీళ్లో చెమటో పోయి తుప్పు పట్టినవి ఎక్కువ. ముప్పై మీటర్లు అని రాసి ఉంటే ముప్పై మీటర్ల లోతుకు దిగవచ్చని కాదు, ఆ సంఖ్య ప్రయోగశాలలో కదలని నీటి ఒత్తిడికి సంబంధించినది. చేతులు కడుక్కున్నప్పుడు పడే నీటికి, వాన చినుకులకు తట్టుకుంటుందని మాత్రమే తీసుకోండి. ఈతకు వంద మీటర్లది నిశ్చింత. అదీ సమయం సరిచేసే పక్క చావి పూర్తిగా లోపలికి నొక్కి ఉన్నప్పుడే, లోపలి రబ్బరు రింగు గట్టిపడనంత కాలమే. అందుకే సెల్ మార్పించిన ప్రతిసారీ ఆ రింగును కూడా చూడమని అడగండి.

వెనుక మూత మీది అక్షరాలు తప్పక చదవండి. 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని మాత్రమే ఉంటే మూత ఒక్కటే స్టీలు, మిగిలిన కేసు, అంటే గడియారం పై తొడుగు, సాధారణంగా పూత పూసిన ఇత్తడి లేదా మరో లోహం. మన ఎండాకాలపు చెమటకు ఆ పూత అంచుల దగ్గర ముందుగా లేచిపోతుంది, కొందరికి చర్మం దురద పెడుతుంది కూడా. మొత్తం స్టీలుదే తీసుకోండి. అద్దం విషయానికి వస్తే, ప్లాస్టిక్ అద్దం త్వరగా గీతలు పడుతుంది కానీ పాలిష్ చేస్తే పోతాయి. మినరల్ అద్దం దానికన్నా గట్టిదైనా ఇసుక రేణువుకు లొంగుతుంది. సఫైర్‌కు గీతలు పడడం అరుదు, గట్టి దెబ్బకు మాత్రం పగలవచ్చు. మీ ధరలో మినరల్‌తో తృప్తి పడవచ్చు. ఆగిపోయిన గడియారాన్ని సెల్‌తోనే నెలల తరబడి బీరువాలో పెట్టకండి, సెల్ కారితే లోపలి సర్క్యూట్ పాడవుతుంది.

కొత్త పంతులమ్మ, హనుమకొండ
ఎంతో ఉపయోగపడింది, ధన్యవాదాలు. ఇంకొక సందేహం. నా మణికట్టు చుట్టుకొలత పదిహేను సెంటీమీటర్లు. ఆడవారి గడియారాలు చూస్తే అంకెలు కనబడనంత చిన్నవిగా ఉన్నాయి, మగవారివి చేతికి నిండిపోతున్నాయి. ఏం చేయాలి?

జగిత్యాల అక్క
చెల్లె, డయల్ వెడల్పు ఒక్కటే చూడకు. పట్టీ తగిలించే పై కొన నుంచి కింది కొన వరకు ఎంత పొడవుందో కొలువు. ఆ పొడవు నీ మణికట్టు అంచులు దాటకపోతే సరిపోయినట్టే. నీ కొలతకు 32 నుంచి 36 మిల్లీమీటర్ల డయల్ బాగా కుదురుతుంది, మగవారి వరుసలోనూ అలాంటివి ఉంటాయి, పెట్టుకోవడానికి సంకోచించనక్కరలేదు. పరీక్ష గదిలో వాడతానన్నావు కనుక తెల్లని డయల్ మీద నల్లని అంకెలు, సెకన్ల ముల్లు ఉన్నది ఎంచుకో. మూడు నాలుగు చిన్న వలయాలున్న డయల్‌లో గంట ఎంతైందో వెతుక్కోవాలి.

గోదావరిఖని
పట్టీ గురించి ఎవరూ చెప్పలేదు. మేము పనిచేసే చోట ఎండ, బొగ్గు దుమ్ము, చెమట మూడూ కలుస్తాయి. తోలు పట్టీ ఒక్క వేసవికే వాసన పట్టి పగులుతుంది. స్టీలు చైను గానీ నైలాన్ పట్టీ గానీ అయితే కడుక్కోవచ్చు. పట్టీ వెడల్పు 16, 18, 20 మిల్లీమీటర్ల వంటి మామూలు కొలతల్లో ఉన్న గడియారమైతే కొత్త పట్టీ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. ప్రత్యేకమైన ఆకారంలో కొనలున్న వాటికి ఆ సంస్థ పట్టీయే కావాలి, అది దొరకడం ఆగిపోతే గడియారం బాగున్నా పక్కన పడేయవలసి వస్తుంది.

మండీబజార్ మరమ్మతు
స్టీలు చైను తీసుకుంటే మరొక్క మాట. చేతికి సరిపోయేలా చైనులోని లింకులు కొన్ని తీస్తారు. వాటిని, వాటి పిన్నులను అడిగి తీసుకుని డబ్బాలో భద్రపరచండి. తర్వాత చైను వదులు చేయించాలన్నా, ఒక లింకు విరిగినా అవే పనికి వస్తాయి, విడిగా దొరకడం కష్టం.