నేను పంపేశాను, అవతలివాళ్లు పంపలేదు. బ్యాడ్జ్ ట్రేడ్‌లో ఎన్నాళ్లు ఆగాలి?

ఉక్కునగరం_అమ్మాయి (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

అందరికీ నమస్కారం. పిన్నులు, బ్యాడ్జీలు మార్చుకునేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని అడుగుతున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

మా నాన్న విశాఖ ఉక్కు కర్మాగారంలో చేసి రిటైరయ్యారు. ప్లాంటు కట్టే రోజుల్లో సోవియట్ నిపుణులు అక్కడ ఉండేవారు. వాళ్లలో ఒకాయన వెళ్లిపోతూ నాన్నకు గుప్పెడు బ్యాడ్జీలు ఇచ్చారు. అన్నీ తేలికపాటి అల్యూమినియంవి, వెనక పిన్నీసు లాంటి సూది. అందులో 1980 మాస్కో ఒలింపిక్స్ ఎలుగుబంటి మీషా హాకీ కర్ర పట్టుకుని ఉన్నవి రెండు. ఆ ఒలింపిక్స్‌లో మనవాళ్లు హాకీ స్వర్ణం గెలిచారు, అందుకని నాన్నకు ఆ రెండంటే ప్రాణం. నేను బెంగళూరు వచ్చేటప్పుడు డబ్బా మొత్తం నా చేతిలో పెట్టారు. "రెండున్నాయి కదా, ఒకటి ఇచ్చి నీకు కావలసింది తెచ్చుకో" అన్నది కూడా ఆయనే.

నాకు కావలసింది 1982 ఢిల్లీ ఆసియా క్రీడల అప్పు ఏనుగు బ్యాడ్జ్. మా అన్నయ్య ఆ ఏడాది నవంబర్‌లో, సరిగ్గా ఆటలు జరుగుతుండగా పుట్టాడు. ఇంట్లో తన పేరు అప్పు. (పొద్దస్తమానం ఇంట్లో అప్పు, అప్పు అని అరుస్తారేమిటని నాన్నమ్మ కోప్పడేది.) తన బడిసంచికి ఒక అప్పు బ్యాడ్జ్ ఉండేది, అనకాపల్లి బస్సులో ఎక్కడో పడిపోయింది. ఈ పుట్టినరోజుకి ఇంకొకటి ఇద్దామనుకున్నాను.

ఒక గ్రూపులో ఒకాయన దగ్గర కనబడింది. తొండం దగ్గర రంగు కాస్త లేచిందని ఆయనే ముందుగా చెప్పాడు, దాంతో నాకు నమ్మకం కుదిరింది. సోమవారం ఇద్దరం ఒకేరోజు పోస్ట్ చేద్దామనుకున్నాం. నేను మీషాను అట్టముక్కకి గుచ్చి, పైన ఇంకో అట్ట పెట్టి టేపు వేసి, "జాగ్రత్త, సూది ఉంది" అని రాసి, బబుల్ ర్యాప్ చుట్టి స్పీడ్ పోస్ట్ చేశాను. ఆయన "రేపు చేస్తానండి" అన్నాడు. గురువారం నా కవరు ఆయనకు అందింది. శుక్రవారం అడిగితే "పంపేశానండి" అన్నాడు. నంబర్ అడిగితే 12 అంకెలు పంపాడు. ఎక్కడ కొట్టినా ఏమీ చూపించడం లేదు. ఆ తర్వాత నేను పెట్టే మెసేజ్‌లకు నీలి టిక్కులు పడుతున్నాయి, జవాబు మాత్రం లేదు. ఇవాళ్టికి 19 రోజులు.

పెద్ద ఖరీదైన వస్తువు కాదు, తెలుసు. కానీ నాన్న ఫోన్ చేసినప్పుడల్లా "అప్పు వచ్చిందామ్మా?" అని అడుగుతున్నారు. "దారిలో ఉంది నాన్నా" అంటున్నాను. ఆ అబద్ధం నాకు చాలా కష్టంగా ఉంది.

ఇంకెన్నాళ్లు ఆగడం మర్యాద? నా బ్యాడ్జ్ తిరిగి పంపమని అడగొచ్చా? గ్రూపులో అందరి ముందూ పెడితే తప్పా?

పాత_డబ్బా (చెన్నై)

అమ్మా, నలభై ఏళ్లుగా పోస్టులో బ్యాడ్జీలు, స్టాంపులు మార్చుకుంటున్నవాణ్ణి. ముందు ఆ నంబర్ సంగతి చూద్దాం. స్పీడ్ పోస్ట్ నంబర్‌లో మొదట రెండు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర ఐ, ఎన్ అనే అక్షరాలు, మొత్తం 13 ఉంటాయి. వట్టి 12 అంకెలంటే అది స్పీడ్ పోస్ట్ కాదు. కొరియర్ అయ్యుండొచ్చు. ఏ కొరియర్‌కి, ఏ తారీఖున ఇచ్చారో చెప్పి రసీదు ఫోటో పెట్టమనండి. నిజంగా పంపినవాడి దగ్గర రసీదు ఉంటుంది.

మేం అప్పట్లో రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అవతలివాళ్ల సంతకంతో తిరిగొచ్చే కార్డు దాచుకునేవాళ్లం. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్‌ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. ఆ కార్డులు ఒక పెద్ద కట్ట ఇంకా నా బీరువాలో ఉంది.

ముందు ఎవరు పంపాలన్నదానికి మాలో ఒక ఆనవాయితీ ఉంది. ఎక్కువమందితో మార్చుకుని పేరున్నవాళ్లకి కొత్తవాళ్లు ముందు పంపుతారు. ఇద్దరూ సమానమైతే ఒకేరోజు పంపుతారు, సాయంత్రానికి రెండు రసీదులూ చేతులు మారాలి. సోమవారం మీ రసీదు వెళ్లింది, ఆయనది రాలేదు. ఆ రోజే అడగాల్సింది. మిమ్మల్ని తప్పు పట్టడం లేదమ్మా, ఇంకోసారికి చెబుతున్నాను.

గ్రూపులో పెట్టడం తప్పు కాదు. ముందు అడ్మిన్‌కి చెప్పండి, ఆయన వల్ల కాకపోతే అందరి ముందూ పెట్టండి. తారీఖులు, రసీదు, మెసేజ్‌ల ఫోటోలు చాలు. దొంగ అన్న మాట రాయొద్దు. ఆయన ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్ అసలే పెట్టొద్దు.

మీ రెండో మీషా వెనక ధర అచ్చుపోసి ఉందేమో చూడండి. సోవియట్ బ్యాడ్జీల మీద కోపెక్కుల్లో (వాళ్ల పైసలు) ధర చాలావాటికి ఉంటుంది. చూస్తే నాన్నగారికి ముచ్చటేస్తుంది.

లాన్యార్డ్ (హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్)

అక్కా, నేను డిస్నీ పిన్నులు సేకరిస్తాను. ఫ్లోరిడాలో వాళ్ల పార్కుల్లో ఈ మార్పిడి 1999 అక్టోబర్‌లో మొదలైంది. అక్కడి పద్ధతి నాకు చాలా ఇష్టం. పిన్నుకు పిన్ను, అంతే. వెనక సూదికి తగిలించే బిళ్ల, అంటే క్లచ్‌తో సహా చేతికివ్వాలి, డబ్బు మాటే రాకూడదు. ఎదురుగా నిలబడి ఇచ్చిపుచ్చుకుంటారు కాబట్టి టెన్షన్ లేదు. ఆన్‌లైన్‌లో మనకి ఉన్నదంతా ఫోటోనే.

మా దాంట్లో ఇంకో బెడద స్క్రాపర్లు. ఫ్యాక్టరీలో తీసిపారేయాల్సినవీ, దొంగచాటుగా కొట్టినవీ లాట్ల లెక్కన చవగ్గా అమ్ముతారు. అంచు గరుగ్గా ఉంటుంది, రంగులో గుంటలుంటాయి. నిరుడు నాకు నాలుగు వచ్చాయి. పంపినమ్మాయి తెలిసి పంపిందో, తనకే తెలియదో ఇప్పటికీ అర్థం కాలేదు. అప్పట్నుంచి వెనకవైపు ఫోటో లేకుండా నేను మాట కలపను. పక్కన ఆ రోజు తారీఖు చేత్తో రాసిన కాగితం కూడా పెట్టమంటాను.

మీకు ఆయన అలాంటి ఫోటో పంపాడా? లేకపోతే ఆ బ్యాడ్జ్ ఇప్పుడు ఆయన దగ్గర ఉందో లేదో కూడా చెప్పలేం. పాత ఫోటో పెట్టి, అసలుది ఎప్పుడో వేరేవాళ్లకి ఇచ్చేసి ఉండొచ్చు.

మధ్యాహ్నం_బండి

ఒకప్పుడు నేనూ అవతలివైపు ఉన్నాను, అందుకే రాస్తున్నాను. అమ్మ హాస్పిటల్లో ఉన్న రోజుల్లో ఒకాయన పిన్ను అందుకుని నాది పంపలేదు. మొదటి వారం నిజంగానే కుదరలేదు. మూడో వారానికి సిగ్గు పట్టుకుంది. ఆయన మెసేజ్ చూడగానే ఫోన్ బోర్లా పెట్టేసేదాన్ని. రెండు నెలలు అలాగే గడిచింది.

చివరికి ఆయన "కుదరకపోతే ఫరవాలేదు, నాది నాకు తిరిగి పంపండి, కారణం అడగను" అని రాశారు. మర్నాడే రెండు పిన్నులూ ఆయనకి పంపించాను. మీరు కోపంగా రాస్తే న్యాయమే, ఎవరూ కాదనరు. కానీ ఆయన బయటపడటానికి ఒక దారి ఇచ్చి, ఒక తారీఖు పెట్టి చూడండి. పోస్టు ఖర్చు ఆయనే పెట్టుకోవాలి, ఆ మాట మొహమాటం లేకుండా రాయండి.

ఉక్కునగరం_అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. లాన్యార్డ్, నువ్వన్నది నిజం, తారీఖు ఫోటో నేను అడగనే లేదు.

మొన్న శనివారం ఇలా పెట్టాను: "అప్పు పంపడం కుదరకపోతే నా మీషాను బుధవారం లోపు మీ ఖర్చుతో స్పీడ్ పోస్ట్ చేయండి. కారణం అడగను. రసీదు ఫోటో పంపండి. లేకపోతే గురువారం అడ్మిన్‌కి అన్నీ పంపిస్తాను." మూడు గంటల్లో జవాబొచ్చింది. అప్పును నాకంటే ముందే ఇంకొకరికి ఇచ్చేశాడట, ఇంకోటి దొరుకుతుందని ఆగాడట. ఆ మాట మొదటిరోజే చెప్పి ఉంటే నేను ఒక్క మాట కూడా అనేదాన్ని కాదు.

ఇవాళ కవరు వచ్చింది. అదే అట్ట, అదే బబుల్ ర్యాప్. నేను వేసిన టేపు కూడా విప్పలేదు. మూడు వారాలు మా నాన్న మీషా ఎవరింట్లోనో కనీసం ఎవరూ చూడకుండా పడి ఉంది. పోయిందనుకున్నప్పటికంటే ఇది ఎక్కువ బాధనిపించింది.

నాన్నకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "వచ్చేసింది కదా, రెండూ పక్కపక్కన పెట్టి ఫోటో పంపు" అన్నారు. పాత_డబ్బా గారూ, వెనక ధర ఉందండీ, రెండిటి మీదా. ఆ ఫోటో కూడా ఆయనకి పంపాను.

అప్పు బ్యాడ్జ్ ఇంకా కావాలి. బెంగళూరులో ఎవరి దగ్గరైనా ఉంటే ఆదివారం కబ్బన్ పార్క్ మెట్రో స్టేషన్ దగ్గరికి వస్తాను, పర్పుల్ లైన్‌లో నాకు నేరుగా వస్తుంది. ముందు వెనకవైపు ఫోటో పెట్టండి, పక్కన తారీఖు రాసిన కాగితంతో.