పాముల ఆశ్రయానికి టికెట్ పెట్టి జనాన్ని రానివ్వాలా?

మధురవాడ వాసి:
వానలు మొదలైతే చాలు, మా కాలనీలో ఎవరింట్లోనో ఒకరింట్లో పాము. విశాఖ కంబాలకొండ అడవి మా వెనకే కదా. అది వచ్చిందనేకంటే మనమే వాటి దారిలో ఇళ్లు కట్టుకున్నామనాలి.

మొన్న సెలవుల్లో మహాబలిపురం వెళ్తూ చెన్నై దగ్గరి వడనెమ్మేలిలో ఆగాం. అక్కడి మొసళ్ల పార్కు ఆవరణలోనే ఇరుల గిరిజనుల పాముల సహకార సంఘం ఉంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో పాము చర్మాల వ్యాపారానికి అడ్డుకట్ట పడ్డాక, అదే పనితనాన్ని విషం తీయడానికి మళ్లించుకుని 1978లో సంఘం పెట్టుకున్నారు. వరసగా మట్టికుండలు, మూతులకు నూలుగుడ్డలు కట్టి ఉన్నాయి. ఒకాయన కొక్కెంతో రక్తపింజరను బయటికి తీసి, తల ఒడుపుగా పట్టుకుని, పైన పలుచటి పొర బిగించిన గాజు పాత్ర అంచుకు కోరలు ఆనించాడు. లోపలికి పసుపుపచ్చగా నాలుగు చుక్కలు జారాయి. అంతే, పాము మళ్లీ కుండలోకి. మనిషి ముఖంలో హడావుడి లేదు, గొప్పా లేదు. పామంటే కర్ర వెతికే మా అబ్బాయి ఆ రోజంతా ప్రశ్నలే.

మన దగ్గరా ఇలాంటిది కాలనీలవాళ్లం కలిసి పెట్టుకోకూడదా? ఇళ్లలో పట్టిన పాముల్ని కొన్నాళ్లు ఉంచి, జనానికి చూపించి, అడవిలో వదిలేయొచ్చు. టికెట్ డబ్బు పాములు పట్టే కుర్రాళ్లకు ఇవ్వొచ్చు. ఏమంటారు?

సింహాచలం మేష్టారు:
వద్దంటాను. మీరు చూసిన చోట సంఘం నిలబడింది ప్రధానంగా విషం అమ్మకం మీద, విరుగుడు మందు తయారుచేసే కంపెనీలకు. పామును మూడు నాలుగు వారాలు ఉంచుకుని, వారానికోసారి విషం తీసి, పొట్ట పొలుసు మీద గుర్తు కత్తిరించి, అడవిలో వదిలేస్తారు. పామును వదిలేయడం వాళ్ల లెక్కలోనే ఉంది. విషం తీయడానికి మనకు అనుమతి ఇచ్చేదెవరు? టికెటే ఆధారమైతే ఆదివారానికి పాము ఉండాల్సిందే. కుండ ఖాళీ అయితే గల్లా ఖాళీ. ఎలుకల కోసం వచ్చిన జెర్రిపోతును కూడా ‘జనం వస్తున్నారు, ఇంకో వారం ఉంచుదాం’ అంటారు. ఆశ్రయం అని బోర్డు పెట్టి నడిపేది సర్కసే అవుతుంది.

గాజువాక అమ్మ:
మేష్టారూ, మీ లెక్క బాగుంది గానీ ఇప్పుడు జరుగుతున్నదేంటో చూడండి. నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం (పాము పాలు తాగదని ఎన్నిసార్లు చెప్పినా మా అత్తగారు వినరు). మర్నాడు అదే పాము వాకిట్లో కనిపిస్తే వీధి వీధంతా కర్రలే. మా సందులో కొట్టి చంపినవాటిలో జెర్రిపోతులే ఎక్కువ, విషం చుక్క లేనివి. ఏది ఏ పామో తెలిసినవాడెవడూ అక్కడ ఉండడు. పిల్లలు ఒక్కసారి దగ్గర నుంచి చూస్తే కొన్నయినా బతుకుతాయి. నా ఓటు టికెట్‌కే.

కొండవాలు:
నేను పాములు పట్టేవాళ్లతో తిరుగుతుంటాను కాబట్టి రెండు మాటలు.

ఒకటి, చట్టం. జనానికి చూపించడానికి జంతువుల్ని ఉంచితే దాన్ని జూ కిందే లెక్కేస్తారు, సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు కావాలి. కాలనీ సంఘం తీర్మానం చేసుకుంటే సరిపోదు. నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు వన్యప్రాణి చట్టం 2022 సవరణ తర్వాత దాని మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులికున్న రక్షణే. అటవీశాఖకు చెప్పకుండా ఇంట్లో డబ్బాలో ఉంచుకున్నా కేసే.

రెండోది నాకు ముఖ్యం. పట్టిన పామును ఎంత తొందరగా, ఎంత దగ్గరలో వదిలితే అంత మంచిది. కర్ణాటక అగుంబెలో గిరినాగులకు రేడియో ట్రాన్స్‌మీటర్లు పెట్టి గమనించారు. తెలియని చోట వదిలినది దారీ తెన్నూ తెలియక చాలా దూరం తిరిగింది. పదిహేను రోజులు జనం మధ్య ఉంచి, ‘అడవిలో వదిలాం’ అని ఫొటో పెడితే దానికి మేలు చేసినట్టు కాదు.

మధురవాడ వాసి:
మరి పిల్లలకు ఎలా తెలుస్తుంది తమ్ముడూ? మన జూలో పాములున్నాయిగా అంటావేమో. గాజు వెనక చుట్టచుట్టుకుని పడుకున్న పామును ఎవరూ రెండు నిమిషాలు చూడరు. వడనెమ్మేలిలో మమ్మల్ని నిలబెట్టింది పాము కాదు, దాన్ని తెలిసిన మనిషి.

కొండవాలు:
అయితే మనిషినే చూపించండి అన్నా. పాము లేకుండా బడికి తీసుకెళ్లండి. ఫొటోలు, కుబుసం, కొక్కెం చాలు. కాటు పడితే కట్టు కట్టకూడదు, కోయకూడదు, ఆ కాలో చెయ్యో కదపకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి, ఇది చెప్పించండి. మాడుగుల, చీడికాడ వైపు గిరినాగులు తోటల్లోకి వస్తుంటాయి. మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరల విషానికే. గిరినాగుకు ఇక్కడ మందు తయారు కావడం లేదు. ఆ ఊళ్లవాళ్లకు టికెట్ షో కంటే ఈ మాట అవసరం.

సింహాచలం మేష్టారు:
కొంచెం దిగొస్తాను. జేసీబీ కింద పడి నడుము విరిగినవి, వలల్లో చిక్కి గాయపడినవి ఉంటాయి. వాటిలో అడవికి పంపలేనివాటిని అటవీశాఖ అనుమతితో ఒకచోట ఉంచి, బడిపిల్లల్ని మాత్రం రానివ్వండి. టికెట్ వద్దు, ముట్టుకోవడాలు వద్దు, మెడలో వేసుకుని సెల్ఫీలు అసలే వద్దు.

గాజువాక అమ్మ:
టికెట్ లేకపోతే ఎలుకల ఖర్చు, మందుల ఖర్చు ఎవరు పెడతారండీ?

సింహాచలం మేష్టారు:
వినాయకచవితి పందిరికి మీ వీధిలో ఎంత వసూలు చేస్తారమ్మా? అందులో పదోవంతు చాలు.

మధురవాడ వాసి:
వినాయకుడి పొట్టకు చుట్టుకున్నదీ పామే, వసూలుకి ఆ మాట పనికొస్తుంది. కానీ మేష్టారూ, రసీదు ఎవరి పేరు మీద ఇవ్వమంటారు?